కొట్టు మూయమన్నాం

శాలువా మెడ దగ్గర గుచ్చుకుంటోంది. తీసి ఒళ్ళో పెట్టుకుందామంటే కాలేజీ హాలు నిండా పిల్లలు, అందరి కళ్ళూ స్టేజీ మీదే ఉన్నాయని హనుమాయమ్మ ఊరుకుంది. వెనక కట్టిన ఫ్లెక్సీలో తన ఫొటోనే ఉంది, ముప్పయ్యేళ్ళ కిందటిది. చీపురు పట్టుకుని సారా కొట్టు ముందు నిలబడి నోరు తెరిచి అరుస్తున్న వయసులో ఉన్న ఆడమనిషి. కింద ఎర్రక్షరాలతో ‘సారా పోరాట వీరవనిత’ అని రాయించారు. పక్కనే సిరంజి మీద అడ్డగీత కొట్టిన బొమ్మ. ఆ ఫొటోలో తను ఏమని అరుస్తోందో ఎవరికీ వినపడదు. వినపడకపోవడం వీళ్ళకి మంచిదే అయింది, ఎవరికి కావలసిన మాట వాళ్ళు ఆ నోట్లో పెట్టుకుంటున్నారు. మైకు దగ్గర సి.ఐ. మాట్లాడుతూనే ఉన్నాడు. పదింటికల్లా పంపించేస్తామమ్మా, మీరొచ్చి రెండు ముక్కలు మాట్లాడితే చాలు అని నిన్న ఇంటికొచ్చి మరీ చెప్పాడు తెలుగు లెక్చరర్ రఘురామ్. పది ఎప్పుడో దాటిపోయింది. జ్యోతి వెలిగించడం, ప్రార్థన, ప్రిన్సిపాలు, ఎవరో క్లబ్బు ప్రెసిడెంటు, ఇప్పుడు ఈయన. పెద్దాసుపత్రిలో పన్నెండు దాటితే చీటీలివ్వరు. బస్టాండులో మనవడు కూర్చుని ఉన్నాడు, చేతిసంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని.

వాడు, ప్రేమ్‌చంద్, కూతురి కొడుకు. ఇంటర్ తప్పి చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో చేరాడు. పొద్దస్తమానం నీళ్ళలో నిలబడి, రాతి బురద మోకాళ్ళ దాకా పూసుకుని, తలకంటే పెద్ద పలకల్ని అటూ ఇటూ జరపడం. ఇరవై ఏళ్ళవాడి నడుము అరవై ఏళ్ళవాడి నడుమైంది. నడుం పట్టేసిందంటే మేస్త్రీ ఒక మాత్ర ఇచ్చాడట, వేసుకో, ఎగురుకుంటా పని చేస్తావ్ అన్నాడట. ఎగురుకుంటూనే చేశాడు. రెండో షిఫ్టు కూడా చేశాడు. ఒరిస్సా నుంచి వచ్చిన వాళ్ళు, బీహారు వాళ్ళు, అందరూ వేసుకునే మాత్రే. దాన్ని ఎవరూ మత్తు అనలేదు, మందు అన్నారు. ఒకటి నాలుగైంది, నాలుగు పది అయింది. ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఒకరోజు మాత్రలు దొరక్క ఇంటి దగ్గరే పడుకున్నాడు, ఎండాకాలంలో దుప్పటి కప్పుకుని వణుకుతూ. ముక్కు కారుతోంది, ఆవలింతల మీద ఆవలింతలు, కాళ్ళు మంచం కోళ్ళకేసి తన్నుకుంటున్నాడు. జొరమేమో అని నుదుటి మీద చెయ్యి వేసిన హనుమాయమ్మకి ఆ చెయ్యి తీయబుద్ధి కాలేదు. జొరం కాదు. ఈ వణుకు ఆమెకి తెలుసు. మొగుడి ఒంట్లో చూసింది.

పేరయ్య చెడ్డవాడని ఆమె ఏనాడూ ఎవరితోనూ అనలేదు, కొట్టిన రోజు కూడా అనలేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాల్చడంలో ఆయన చెయ్యి పెట్టాడంటే ఆకు బంగారంలా దిగేది. రాత్రుళ్ళు బ్యారన్ దగ్గర పొయ్యి కాచుకుంటూ మేలుకుని ఉండాలి, నిద్ర పట్టకుండా ఒక గ్లాసు, పట్టాలంటే ఒక గ్లాసు. గ్లాసు పోయి ప్యాకెట్టు వచ్చింది. ఆ ప్యాకెట్టు అమ్మింది దొంగలు కాదు, సర్కారు వేలంపాట పెడితే పాడుకున్న వాళ్ళు. మంచినీళ్ళ కుళాయి లేని ఊరికి సారా ప్యాకెట్లు జీపులో వచ్చేవి, పొద్దున్నే, పాల కంటే ముందు. అందుకే కదా ఆడవాళ్ళందరూ చీపుళ్ళు పట్టుకున్నది. తను ముందు నడిచింది. జీపుకి అడ్డం పడుకుంది. ఫొటోలో ఆ నోరు తెరిచి అరిచిన మాట ఇదీ: కొట్టు మూయండి. అంతే. తాగేవాణ్ణి కొట్టమనలేదు, కట్టేయమనలేదు, జైల్లో పెట్టమనలేదు. తాగేవాళ్ళు ఎవరు? మా మొగుళ్ళు, మా అన్నదమ్ములు. కొట్టు మూయమన్నాం. మూశారు. ఆ రాత్రి ఊళ్ళో పాయసం వండుకున్నారు. ఆ తర్వాత అన్నీ మూశారు, మొత్తం మద్యమే లేకుండా చేశామన్నారు, రేడియోలో చెప్పారు.

పాయసం తిన్న రెండో రోజు నుంచి పేరయ్య చేతులు వణకడం మొదలైంది. బీడీ వెలిగించుకోలేకపోయేవాడు. గోడ మీద చీమలు పాకుతున్నాయని చీపురుతో గోడ ఊడ్చేవాడు, చీమల్లేవు. పట్టుదల లేదు నీకు, అంది ఆమె. పెదకాకాని తీసుకెళ్ళి శివుడి ముందు ఒట్టేయించింది. ఒట్టేసిన చెయ్యే గజగజా వణికింది. ఏళ్ళ తరబడి ఒంటికి పట్టినదాన్ని ఒక్కసారిగా లాగేస్తే ఒళ్ళు తిరగబడుతుందని, దానికి ఆస్పత్రి ఉంటుందని, మందు ఉంటుందని ఎవరు చెప్పారు? కొట్లు మూసిన సర్కారు పక్కన ఒక్క డాక్టర్నన్నా కూర్చోబెట్టిందా? ఊరు ఊరంతా మానమన్నారు, ఎలా మానాలో ఒక్కడూ చెప్పలేదు. కొన్నాళ్ళకి సరిహద్దు దాటి దొంగ సరుకు రావడం మొదలైంది, పాత పాటదారే కొత్త దొంగ. మళ్ళీ మొదలుపెట్టిన పేరయ్య చేలో మిరపకాయలు కోసుకుంటూ జేబులో ఒక ప్యాకెట్టుతో దొరికాడు. దొరికినవాణ్ణి జీపెక్కించారు. ఆమె స్టేషన్‌కి వెళ్ళేసరికి అమ్మినవాడు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కొన్నవాడు లోపల కటకటాల వెనక నేల మీద ఉన్నాడు. ఏందయ్యా ఇది అంటే అప్పటి ఎస్సై నవ్వాడు. “మీరే గదమ్మా అడిగింది?” అన్నాడు. అన్నం క్యారియరు తీసుకున్నారు, మనిషిని చూడనివ్వలేదు. నిద్రపోతున్నాడు, ఇంటికి పో అన్నారు. పోయింది. మూడో రోజు ఫిట్స్ వచ్చి పోయాడని కబురు చేశారు. అప్పుడు కూతురికి పదేళ్ళు. కొన్నాళ్ళకి మళ్ళీ కొట్లు తెరిచారు, ఈసారి సీసాలతో, పెద్ద బోర్డులతో. అమ్మించిందీ సర్కారే, ఆపిందీ సర్కారే, పట్టుకుందీ సర్కారే, మళ్ళీ అమ్మిందీ సర్కారే. పేరయ్య మాత్రం మళ్ళీ రాలేదు. కొట్లు తెరిచిన రోజున ఈమెని ఏ స్టేజీ మీదకీ ఎవరూ పిలవలేదు.

“మత్తుకు అలవాటు పడినవాడు సమాజానికి శత్రువు!” అన్నాడు సి.ఐ., చెయ్యి పైకెత్తి. పిల్లలు చప్పట్లు కొట్టారు. శత్రువు. ఆమెకి పేరయ్య వాళ్ళ తాత గుర్తొచ్చాడు. తను కాపరానికి వచ్చేటప్పటికి మంచాన ఉన్నాడు ఆ ముసలాయన. దగ్గుకని మొదలుపెట్టిన నల్లమందు, సెనగ గింజంత ఉండ, సందెవేళ నోట్లో వేసుకునేవాడు. ఆ కాలంలో సర్కారు కొట్లో చీటీ చూపిస్తే కొలిచి ఇచ్చేవాళ్ళంట, ఆయనే చెప్పేవాడు. నలభయ్యేళ్ళు తిన్నాడు, నలభయ్యేళ్ళూ దుక్కి దున్నాడు, ఎవరి జోలికీ పోలేదు, ఎవరూ ఆయన జోలికి రాలేదు. తర్వాత ఆ చీటీలు ఆపేస్తే డాక్టరెవరో కాస్త కాస్త తగ్గించి మాన్పించాడంట. శత్రువేం కాదు, ముసలాయన. తాతకి చీటీ, మనవడికి కటకటాలు. ఆ మనవడి మనవడు ఇప్పుడు బస్టాండులో ఉన్నాడు. ఎంత తెలివి మీరింది లోకం.

మళ్ళీ ఆ తప్పు జరగనివ్వకూడదనుకుంది. అందుకే వాణ్ణి తిట్టలేదు, ఒట్టేయించలేదు. ఒక్కతే బస్సెక్కి పెద్దాసుపత్రికి పోయి, అడుక్కుంటూ అడుక్కుంటూ రెండో అంతస్తులో మత్తు అలవాట్లు మాన్పించే వార్డు పట్టుకుంది. డాక్టరమ్మ పేరు సిద్దికా. చిన్న పిల్ల. హనుమాయమ్మ పేరయ్య సంగతితో సహా చెప్పిందంతా వింది. “మీవారికి అది పట్టుదల లేకపోవడం కాదమ్మా, జబ్బు” అంది. ఆ ఒక్క మాట కోసం హనుమాయమ్మ ముప్పయ్యేళ్ళు బతికిందేమో, అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చింది. మనవణ్ణి తీసుకురండి, చేర్చుకుంటాను, మందులిచ్చి మెల్లగా తగ్గిస్తాను, కానీ వచ్చేదాకా ఉన్నట్టుండి ఆపనివ్వొద్దు, వేసుకునేవి వేసుకోనివ్వండి అని మరీ మరీ చెప్పింది. వాడు ఒప్పుకోవడానికి నెలలు పట్టింది. రేపంటాడు, జీతం రోజంటాడు, పండగ పోనీయమంటాడు. మొన్న తనంతట తనే వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని, పోదాం అమ్మమ్మా అన్నాడు. ఈ పొద్దున్న వాడు తల దువ్వుకుంటుంటే చొక్కా జేబులో రెండు అట్టల మాత్రలు ఆమే పెట్టింది, తన చేత్తో. దారిలో కష్టమైతే వేసుకో, ఆస్పత్రిలో డాక్టరమ్మ చేతికి ఇచ్చేద్దువు గానీ అంది.

రొంటిన దోపుకున్న ఫోను వణికింది. శాలువా చెంగు అడ్డం పెట్టుకుని తల వంచి మాట్లాడింది.

“అమ్మమ్మా, యాడున్నావ్? రెండు బస్సులు పోయినయ్యి.”

“ఇంకాసేపేరా. నా పేరు పిలిస్తే రెండు ముక్కలు చెప్పి వచ్చేస్తా.”

“కాళ్ళు లాగుతున్నయ్యి.”

“జేబులో ఉన్నయ్ గదా, ఒకటేసుకో. గుల్జార్ టీకొట్టు దగ్గర కూచో, నీళ్ళిస్తది. యాడికీ పోబాకు.”

“నువ్వు రాకపోతే మాత్రం నేనొక్కణ్ణే పోను” అన్నాడు, చిన్నప్పుడు బడికి పోనని మొండికేసిన గొంతుతోనే.

లేచి వెళ్ళిపోవాల్సింది అప్పుడే. ఎందుకు లేవలేదు? లేస్తే రఘురామ్ నొచ్చుకుంటాడని, ఎక్కడికమ్మా అని అందరూ అడుగుతారని, అడిగితే ఏం చెప్పాలని. ఆస్పత్రికి అంటే ఏ వార్డుకి అంటారు. ఆ వార్డు పేరు చెప్పాక ఊళ్ళో వాడికి పిల్లనెవరిస్తారు, పనెవరిస్తారు. ఇన్ని లెక్కలు వేసుకుంటూ, గుచ్చుకునే శాలువా కప్పుకుని, మర్యాదగా కూర్చుంది. ఇంతలో సి.ఐ. ఫోను మోగింది. మాట్లాడుతున్నవాడు ఆపి, విని, మొహం వెలిగిపోతుండగా మైకు దగ్గరికి వంగాడు.

“మనం ఇక్కడ మాట్లాడుకుంటూ ఉండగానే మా సిబ్బంది బస్టాండులో ప్రత్యేక తనిఖీ చేసి నలుగుర్ని పట్టుకున్నారు. గంజాయి బ్యాగు, మత్తు మాత్రలు దొరికాయి. మాటలు కాదు, చేతలు!”

హాలు దద్దరిల్లింది. పిల్లలు ఈలలు వేశారు. ఆ చప్పట్లలోనే ఆమె ఫోను మళ్ళీ వణికింది, ఈసారి బస్టాండులో టీకొట్టు గుల్జార్ బేగం. “అక్కా, మీ పిలగాణ్ణి జీపెక్కించారక్కా. బ్యాగు వాడిది కాదు, ఆ పక్కన కూచున్నోళ్ళది. వాడు నీళ్ళు తాగతా ఉన్నాడు, మాత్ర చేతిలో ఉంది, అంతే...” ఇంకా ఏదో చెబుతూనే ఉంది. స్టేజీ మీద రఘురామ్ ఆమె పేరు పిలిచాడు, ఇప్పుడు మన కోసం వచ్చిన వీరవనిత అని. ఆమె లేచింది. మైకు ఆమె మొహం కంటే ఎత్తులో ఉంది, ఎవరో వచ్చి దించారు. ఎన్ని మాటలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కటకటాలు, క్యారియరు, గోడ మీద లేని చీమలు.

“నేను ఏం మాట్లాడాలో ఈ సార్లు చెప్పారు బాబూ. అది మాట్లాడను. ఆ బొమ్మలో నేను కొట్టు మూయమని అరిచా. మనుషుల్ని మూయమని కాదు. కొట్టు మూసి మా ఆయన్ని లోపలేశారు, తాగుడు మానిన వణుకుతో లోపలే చచ్చిపోయాడు. ఒక్క మాత్ర ఇచ్చినోడు లేడు. ఇప్పుడు బస్టాండులో దొరికిన వాళ్ళల్లో ఒకడు నా మనవడు. తాగడానికి పోవట్లా, మానడానికి పోతా ఉన్నాడు, ఆస్పత్రికి. ఆ మాత్రలు వాడి జేబులో నేనే పెట్టా. తప్పైతే నన్నూ జీపెక్కించండి.”

వెనక బెంచీల్లో ఎవడో చప్పట్లు మొదలుపెట్టాడు, అది కూడా పోరాటం మాటే అనుకుని. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ కొట్టారు. హాలంతా కొట్టింది. రఘురామ్ గబగబా వచ్చి మైకు అందుకుని, అమ్మగారు ఉద్వేగానికి లోనయ్యారు అన్నాడు. సౌండ్ బాక్సుల్లోంచి దేశభక్తి పాట పెద్దగా లేచింది. ఆమె మెట్లు దిగుతుంటే ముందు వరసలో ఒక ఆడపిల్ల మాత్రం చప్పట్లు కొట్టకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమెనే చూస్తోంది. ఆ పిల్ల ఇంట్లో ఎవరున్నారో.

స్టేషన్‌లో సి.ఐ. ఆమెకి కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. మీ మీద కేసు ఏమిటమ్మా, మీరు పెద్దవారు, పేపర్లో బాగోదు అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే ఆమెకి భయమేసింది. వాడు ఆస్పత్రికి పోతున్నాడని ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పింది. “కావచ్చమ్మా. కానీ నలుగురి మధ్యన బ్యాగు దొరికింది. ఎవరిదో తేలేదాకా నలుగురూ ఒకటే. పైనుంచి ఎంతమందిని పట్టుకున్నావని అడుగుతారు గానీ, ఎంతమందిని ఆస్పత్రిలో చేర్పించావని నన్ను ఎవరూ అడగరు” అన్నాడు. నిజమే చెప్పాడు. ముప్పయ్యేళ్ళలో ఒక ఖాకీ మనిషి నోట ఆమె విన్న మొదటి నిజం. రిమాండుకి ముందు వైద్య పరీక్ష చేయించాలి గనక ఎలాగూ పెద్దాసుపత్రికే తీసుకెళుతున్నామనీ, కావాలంటే రమ్మనీ అన్నాడు.

అలా ప్రేమ్‌చంద్ ఆ ఆస్పత్రికే వెళ్ళాడు, జీపులో, చేతికి బేడీతో. ఆమె వెనక ఆటోలో వెళ్ళింది, స్టేషన్‌లో ఇచ్చిన వాడి సంచి ఒళ్ళో పెట్టుకుని. కింద గదిలో డ్యూటీ డాక్టరు తలెత్తకుండానే దెబ్బలున్నాయా అని అడిగాడు. లేవన్నాడు ప్రేమ్‌చంద్. ముక్కు కారుతోంది, బేడీ లేని చేత్తో తుడుచుకుంటున్నాడు, అమ్మమ్మ వైపు చూడటంలేదు. బాగానే ఉన్నాడని కాగితం మీద రాసేశారు. హనుమాయమ్మ రెండంతస్తులు ఎక్కి సిద్దికా డాక్టరమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. “ఇతను నా పేషెంటు. పైన మంచం రాసి ఉంచాను. ఇప్పుడే చేర్చుకుంటాను” అంది డాక్టరమ్మ. కానిస్టేబులు మర్యాదగానే, కోర్టు చెప్తే మేమే తెస్తాం మేడం, ఇవాళ మాత్రం జడ్జీగారి ముందు పెట్టాలి అన్నాడు. డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చింది, ఏ పూటకి ఏ మందు ఇవ్వాలో, ఆపితే ఏమవుతుందో. ఆయన దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. రాత్రికి వణుకొస్తేనయ్యా అని హనుమాయమ్మ అడిగింది. “జైల్లో డాక్టరుంటాడమ్మా” అన్నాడు. జీపెక్కుతూ ప్రేమ్‌చంద్ అప్పుడు తల తిప్పాడు.

“నేను వచ్చాగా అమ్మమ్మా. నువ్వు రమ్మంటే వచ్చాగా” అన్నాడు.

జీపు పోయాక ఆమె ఎందుకో తెలియకుండానే మళ్ళీ పైకెక్కింది. వార్డులో కిటికీ పక్కన మంచం మీద తెల్ల దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దాని మీద సంచి పెట్టి పక్కన కూర్చుంది. ఎవరన్నా లేవమంటే లేవకూడదనుకుంది. కోర్టు రేపే చెప్పొచ్చు, ఎల్లుండి చెప్పొచ్చు, అందాకా ఇది ప్రేమ్‌చంద్ మంచం, తను ఇక్కడే కూర్చుంటుంది, ఎవడు జీపెక్కిస్తాడో ఎక్కించనీ. నర్సు కౌసర్ తలుపు దగ్గర నిలబడి ఇబ్బందిగా చూస్తోంది. ఆ పిల్ల వెనక నేల మీద ఒకతను ముడుచుకుని పడి ఉన్నాడు. గళ్ళ లుంగీ, పగిలిన మడమలు. పెళ్ళాం కాబోలు, అతని తల ఒళ్ళో పెట్టుకుని చెంగుతో చెమట తుడుస్తోంది. అతని చేతులు గాలిలో ఏదో ఏరుతున్నాయి.

“ఏంది ఇతనికి?” అంది హనుమాయమ్మ.

“తాగుడు పిన్నీ. మొన్న అమావాస్యకి ఒట్టేసి మానేశాడు. రాత్రి నుంచి ఇట్టా ఉన్నాడు, నన్నే ఎవరంటన్నాడు. మంచాల్లేవంట. మంచిగా మానాడనే అనుకున్నా పిన్నీ, మంచిగానే మానాడు.”

హనుమాయమ్మ ఆ చేతుల వంక చూసింది. తర్వాత లేచింది. మంచం మీది సంచి తీసి చంకన పెట్టుకుంది. “ఇతన్ని పడుకోబెట్టండమ్మా” అంది కౌసర్‌తో. “నువ్వు పక్కనించి కదలబాకు” అంది ఆ పెళ్ళాంతో. “ఇంటికి పొమ్మంటారు. ఎవరు పొమ్మన్నా పోబాకు.”

ముగ్గురూ కలిసి అతన్ని ఎత్తి పడుకోబెట్టారు. దుప్పటి నలిగిపోయింది. డాక్టరమ్మ సూది పట్టుకుని వచ్చింది. హనుమాయమ్మ బయటికి నడిచి, మెట్ల దగ్గర ఆగి, కోర్టు ఎటు పోవాలని ఊడ్చే మనిషిని అడిగింది.